ప్రహరీ బయట నిలబడి టవర్‌ను చదవడం ఎలా?

బస్సు ఏదో ఊరి పొలిమేర దాటుతుంటుంది. వరి చేల మధ్య ఎరుపు, తెలుపు పట్టీల సన్నని స్తంభం ఒకటి కనిపిస్తుంది. పక్క సీటులోని వారు ఫోనులో మునిగి ఉంటారు. మీరు మాత్రం మెడ తిప్పి, అది చెట్ల వెనక్కి తప్పుకొనేవరకూ చూస్తారు. ఎంత ఎత్తు ఉంటుంది? ఎందుకు నిలబెట్టారు? అంత సన్నగా ఉండి గాలివానకు ఎలా తట్టుకుంటోంది? ఊరు దాటి పది కిలోమీటర్లు పోయినా ఈ ప్రశ్నలు మిమ్మల్ని వదలకపోతే, ఈ వ్యాసం మీ కోసమే.

ఈ జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మందు లేదు కానీ, పద్ధతిగా పోషించుకునే మార్గం ఉంది. పక్షులను లెక్కపెట్టేవారు, రైలింజన్ల నంబర్లు రాసుకునేవారు ఉన్నట్టే రేడియో, టీవీ టవర్ల వెంట తిరిగేవారూ అన్ని దేశాల్లో ఉన్నారు. ఒక్కటే చిక్కు: పక్షి మన పెరట్లోకే వస్తుంది, టవర్ మాత్రం ఎప్పుడూ గేటు, కాపలాదారు, ముళ్లకంచె వెనకే ఉంటుంది. కాబట్టి పనంతా ప్రహరీ బయటి నుంచే జరగాలి. నా అనుభవంలో దాని పని, ఎత్తు, గొంతు మూడూ బయటి నుంచే తెలుస్తాయి.

సంచీలో పెట్టుకోవలసినవి

మీడియం వేవ్ (ఆకాశవాణి పాత స్టేషన్లు వచ్చే బ్యాండు, సెట్ల మీద ఏఎం అనీ రాసి ఉంటుంది) పలికే చిన్న రేడియో ఒకటి కావాలి. ఫోన్లలో వచ్చే ఎఫ్ఎం ఇందుకు పనికిరాదు, కారణం తర్వాత చెబుతాను. బడిపిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని, మూరెడు దారం, దానికి కట్టడానికి ఒక ఇనుప బోల్టు, దిక్సూచి, నోటు పుస్తకం, పెన్సిలు. బైనాక్యులర్ ఉంటే మంచిది. అప్పు తెచ్చుకున్నా పరవాలేదు. కెమెరాను చివరగా రాస్తున్నాను, కావాలనే.

బయలుదేరే ముందు తెలుసుకోవలసిన చట్టం

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 'నిషేధిత ప్రదేశం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో ప్రభుత్వానికి చెందిన వైర్‌లెస్ కేంద్రాలు కూడా ఉన్నాయి. మీ ఉద్దేశం ఎంత అమాయకమైనదైనా, గేటు ఎదురుగా నిలబడి ఫొటోలు తీస్తూ నోటు పుస్తకంలో అంకెలు రాసుకునే మనిషి కాపలాదారు కంటికి అమాయకంగా కనిపించడు. నేను ఒకసారి గంటన్నర సేపు ఒక చిన్న గదిలో బల్ల మీద కూర్చుని, కోణమానిని ఎందుకు తెచ్చానో ముగ్గురికి విడివిడిగా వివరించాను. మూడో ఆయనకు గణితం ఇష్టం కావడం నా అదృష్టం.

అందుకని కొన్ని నియమాలు పెట్టుకోండి. ఫొటోలు తీయరాదన్న బోర్డు ఉంటే కెమెరా బయటకు తీయవద్దు. బోర్డు లేకపోయినా ముందు గేటు దగ్గరికి వెళ్లి, ఏ సరదాతో వచ్చారో చెప్పి అడగండి. వద్దంటే కళ్లతో చూసి, పుస్తకంలో బొమ్మ గీసుకోండి. డ్రోను జోలికి అసలే వెళ్లవద్దు. కంచె దాటడం, గై తీగను (స్తంభాన్ని లాగి నిలబెట్టే ఉక్కుతీగను) పట్టుకుని ఊపి చూడటం, నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టడం ఈ సరదాలో భాగం కావు. చట్టం కంటే పెద్ద కారణం ఒకటుంది. మీడియం వేవ్ స్తంభాల్లో ఇనుమంతా రేడియో విద్యుత్తుతో నిండి ఉంటుంది. నేల మీద నిలబడి దాన్ని తాకితే చర్మం కాలిపోతుంది.

సైన్యానికి, నావికాదళానికి చెందినవాటిని పూర్తిగా వదిలేయండి. జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే నావికాదళ కేంద్రం తమిళనాడులోని విజయనారాయణంలో ఉంది. అలాంటిదే మరొకటి వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో కట్టడానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. వాటి గురించి పత్రికల్లో చదివి ఊరుకోవాలి.

మొదట: మాస్టా, టవరా?

మనం అన్నింటినీ టవర్ అనేస్తాం. పరిశీలకుడు రెండుగా చూడాలి. నాలుగు కాళ్లో మూడు కాళ్లో నేల మీద ఎడంగా పరుచుకుని, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ తన కాళ్ల మీద తానే నిలబడేది టవర్. కింది నుంచి పైదాకా దాదాపు ఒకే లావుతో ఉండి, చుట్టూ మూడు దిక్కులకు లాగి కట్టిన ఉక్కుతీగల ఆధారంతో నిలిచేది మాస్ట్. ఆ తీగలను గై తీగలంటారు. కరెంటు స్తంభానికి కట్టే స్టే వైరు ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ ఒక్కో దిక్కులో అంతస్తులు అంతస్తులుగా నాలుగైదు ఉంటాయి.

ఎత్తు విషయంలో మాస్ట్‌దే పైచేయి. టవర్ ఎత్తు పెంచాలంటే అడుగు వెడల్పు, ఇనుము బరువు కలిసి పెరుగుతాయి. మాస్ట్‌కు ఇనుము తక్కువ చాలు, స్థలం మాత్రం ఎక్కువ కావాలి. అందుకే ఊళ్ల మధ్య టవర్లు, పొలాల మధ్య మాస్టులు కనిపిస్తాయి. అమెరికాలోని నార్త్ డకోటాలో 1963లో ఒక టీవీ స్టేషన్ కోసం నిలబెట్టిన మాస్ట్ ఎత్తు దాదాపు 629 మీటర్లు. పోలండ్‌లో వార్సా రేడియో కోసం 1974లో పూర్తయినది దాన్నీ మించి 646 మీటర్లు. దుబాయిలో బుర్జ్ ఖలీఫా 2008లో ఆ ఎత్తును దాటేదాకా మనిషి కట్టినవాటిలో అంత ఎత్తుకు చేరింది మరొకటి లేదు. అప్పటికి ఆ మాస్ట్ కూడా లేదు. 1991 ఆగస్టు 8న గై తీగలు మారుస్తుండగా నడుము దగ్గర వంగి, విరిగి కూలిపోయింది. అది నిలబడింది తీగల బిగువు మీద. ఆ బిగువు ఒకవైపు తప్పితే దాన్ని ఆపేది ఇంకేదీ లేదు. ఇంగ్లండ్‌లో ఎమ్లీ మూర్ దగ్గర 1969 మార్చిలో మరో మాస్ట్ మంచు, గాలి కలిసి కూల్చేశాయి. అక్కడివారు దాని స్థానంలో శాశ్వతంగా కాంక్రీటు టవర్ కట్టుకున్నారు. ఆ కథలు తెలిశాక, బస్సులోంచి గై తీగలు కనిపించినప్పుడల్లా వాటినే చూస్తాను. స్తంభం తర్వాత.

మూడో రకం కాంక్రీటు గొట్టం. రామేశ్వరం యాత్రకు వెళ్లే తెలుగువారు గుడి గోపురంతో పాటు అక్కడి టీవీ టవర్‌నూ ఒకసారి తలెత్తి చూడాలి. దాని ఎత్తు 323 మీటర్లు. ఈఫిల్ టవర్ మొదట కట్టినప్పటి ఎత్తుకు మించినది. ఈఫిల్ టవర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1889 ప్రదర్శన కోసం ఇరవై ఏళ్ల గడువుతో కట్టిన ఆ ఇనుప కట్టడాన్ని గడువు తీరాక కూల్చకుండా కాపాడింది రేడియోయే. అంత ఎత్తయిన యాంటెన్నా చేతిలో ఉండగా సైన్యం దాన్ని వదులుకోలేదు.

తర్వాత: పాదాల కింద నేలను చూడండి

స్తంభం పని తెలుసుకోవాలంటే పైకి చూడకముందే కిందికి చూడాలి. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మీడియం వేవ్ రేడియోకు కొండ అక్కరలేదు. ఆ తరంగాలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి. నేల ఎంత తడిగా, చదునుగా ఉంటే అంత దూరం పోతాయి. అందుకే మీడియం వేవ్ మాస్టులను ఊరి బయట పల్లపు భూముల్లో, పొలాల పక్కన పెడతారు. మాస్ట్ అడుగు నుంచి చక్రం ఆకుల్లా అన్ని దిక్కులకు రాగి తీగలు నేలలో పూడ్చి ఉంటాయి. ఒక్కో మాస్ట్ కింద 120 తీగలు పరచడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. పైకి కనిపించేది సగం యాంటెన్నా మాత్రమే, మిగతా సగం గడ్డి కింద ఉంది.

ఎఫ్ఎం, టీవీ తరంగాలు ఇందుకు పూర్తి భిన్నం. అవి చూపు మేరకే పోతాయి. ఆకాశంలోకి ఎంత లేస్తే అంత మేలు. విశాఖలో కైలాసగిరి మీద, పుణె దగ్గర సింహగడ్ మీద టీవీ టవర్లు ఉండటానికి కారణం అదే. కొడైకెనాల్ కొండ మీది ఎఫ్ఎం తమిళనాడులో ఎన్నో జిల్లాలకు వినిపించేదీ అందుకే. ఎంత దూరం చేరుతుందో మీరే లెక్కకట్టవచ్చు. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణించండి. వచ్చేది కిలోమీటర్లు. వంద మీటర్లకు 41 కిలోమీటర్లు, నాలుగు వందల మీటర్లకు 82. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే పెరుగుతుంది. కొండ దొరికిన చోట ఇనుము ఖర్చు ఎందుకు పెట్టరో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

కాబట్టి పల్లంలో ఒంటరి మాస్ట్ కనిపిస్తే మీడియం వేవ్ అనుకోండి, కొండ నెత్తిన టవర్ కనిపిస్తే ఎఫ్ఎం లేదా టీవీ అనుకోండి. పదిలో ఎనిమిదిసార్లు నా ఊహ సరిపోయింది.

ఇప్పుడు తల పైకెత్తండి

బైనాక్యులర్‌తో కొసను చూడండి. మనిషి ఎత్తుకు కాస్త తక్కువగా ఉండే కడ్డీలు, కొక్కేల్లా వంగినవో శిలువ ఆకారంలోవో, ఒకదాని మీద ఒకటి సమాన దూరంలో నిచ్చెనలా పేర్చి ఉంటే అది ఎఫ్ఎం. ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, కడ్డీ అందులో సగం ఉంటుంది. పెద్ద నగరాల్లో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు చాలావరకు ఒకే టవర్‌ను పంచుకుంటాయి. అక్కడ ఒక్క నిచ్చెన మీదే నగరంలోని పాటలన్నీ వేలాడుతున్నట్టు. చదరపు పలకలు నాలుగు వైపులా వరుసగా బిగించి ఉన్నా, గబ్బిలం రెక్కల్లాంటి ఇనుప చట్రాలు ఉన్నా టీవీ. దూరదర్శన్ పాత పద్ధతి ప్రసారాలు 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆగిపోయాయి కాబట్టి ఆ రెక్కల్లో చాలావాటికి ఇప్పుడు పని లేదు. చూడాలనుకుంటే ఆలస్యం చేయవద్దు.

డోలు ఆకారపు పెద్ద పళ్లేలు మోస్తూ టెలిఫోన్ ఎక్స్ఛేంజి వెనక నిలబడినది మైక్రోవేవ్ టవర్. ఒకప్పటి ఎస్టీడీ కాల్స్ దాని మీదుగా ఊరి నుంచి ఊరికి దూకేవి. మూడు వైపులా సన్నని నిలువు పెట్టెలు ఉన్నది సెల్ టవర్. దాని గురించి ఇక్కడ చెప్పను.

పైన ఏమీ లేకపోతే? బోసిగా, గుండు చేయించుకున్నట్టు ఉంటే? అదే అసలైన విందు. ఆ మాస్ట్ యాంటెన్నాను మోయడం లేదు, తానే యాంటెన్నా. ఇక దాని అడుగు చూడండి. లావుపాటి దిమ్మె మీద పెన్సిల్ మొనలా సన్నబడి, పింగాణీ గుండు ఒకదాని మీద నిలబడి ఉంటుంది. వంద మీటర్ల ఇనుము బరువూ, గై తీగలు కిందికి లాగే బరువూ కలిసి ఆ పింగాణీ మీదే. నేలకు ఇనుము తగలకూడదు కాబట్టి ఈ ఏర్పాటు. గై తీగల్లోనూ అక్కడక్కడ గుడ్డు ఆకారంలో పింగాణీ ముక్కలు కనిపిస్తాయి. అవి తీగను విద్యుత్తు పరంగా చిన్న ముక్కలుగా తెంపుతాయి, లేకపోతే తీగలు కూడా పాడటం మొదలుపెడతాయి. పింగాణీ పక్కనే రెండు లోహపు గోళాలు కొద్ది ఎడంతో ఎదురెదురుగా ఉంటే అది పిడుగుకు వేసిన దారి: మెరుపు ఆ సందులోంచి దూకి నేలలోకి పోతుంది.

ఇంతలో మీకొక సందేహం రావాలి. మాస్ట్ నేలకు తగలనప్పుడు పైనున్న ఎర్ర దీపాలకు కరెంటు ఎలా వెళుతోంది? బైనాక్యులర్ అడుగు వైపు తిప్పండి. గొలుసు లంకెల్లా ఒకదాంట్లో ఒకటి దూరిన రెండు పెద్ద వలయాలు కనిపించవచ్చు. అవి ఒకదానికొకటి తగలవు. అదొక ట్రాన్స్‌ఫార్మర్. ఒక వలయంలోని కరెంటు గాలి సందు దాటి రెండో వలయంలోకి చేరి దీపాలను వెలిగిస్తుంది. దీన్ని మొదటిసారి చూసిన రోజు నేను ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది.

రేడియోతో స్తంభాన్ని పట్టుకోవడం

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన మెట్టు. స్తంభం ఎక్కడుందో తెలియదనుకోండి. ఇంటి డాబా మీదికి రేడియో తీసుకెళ్లండి. ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్. అన్నీ తొమ్మిదితో భాగించబడే అంకెలే, మీడియం వేవ్‌లో స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దారు కాబట్టి. పగటిపూట మీ ప్రాంతపు స్టేషన్ వినిపిస్తోందో లేదో ముందు చూసుకోండి.

మీడియం వేవ్ రేడియో లోపల నల్లని ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది, సాధారణంగా సెట్టు పొడవు వెంట పడుకుని. స్తంభం వైపు కడ్డీ అడ్డంగా ఉన్నప్పుడు ధ్వని బాగా వస్తుంది, కొస చూపినప్పుడు దాదాపు మాయమవుతుంది. రేడియోను నేలకు సమాంతరంగా పట్టుకుని గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పండి. వార్తలు చదివే గొంతు బరబరల్లో మునిగిపోయే చోట ఆగండి. ఇప్పుడు సెట్టు కొస చూపుతున్న గీత మీదే స్తంభం ఉంది. పెద్దగా వినిపించే దిక్కు కోసం వెతకవద్దు, అది ఎటు చూసినా విశాలంగానే ఉంటుంది. మౌనం మాత్రం ఒక్క చోటే, సూది మొనంత ఉంటుంది.

దిక్సూచితో ఆ దిక్కు రాసుకుని, పటం మీద మీ ఇంటి మీదుగా ఒక గీత గీయండి. స్తంభం ఆ గీతలో ఏ కొస వైపు ఉందో, ఎంత దూరంలో ఉందో రేడియో చెప్పదు. అందుకని నాలుగైదు కిలోమీటర్లు పక్కకు వెళ్లి మళ్లీ అదే పని చేయండి. రెండు గీతలు కలిసే చోటే మీ స్తంభం. రెండు జాగ్రత్తలు. ఇనుప రేకుల షెడ్డు, కరెంటు తీగలు, కారు పక్కన ఇది పనిచేయదు. రాత్రిపూట కూడా వద్దు, చీకటి పడ్డాక తరంగాలు పై వాతావరణ పొరను తాకి తిరిగివస్తాయి కాబట్టి మౌనపు చోటు చెదిరిపోతుంది. ఫోను ఎఫ్ఎంలో ఈ కడ్డీ లేదు, ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నా చేసుకుంటుంది, అందుకే మొదట వద్దన్నాను.

ఎత్తు కొలవడం

కర్ర నీడతో కొలిచే పాత పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మీటరు కర్ర నీడ, స్తంభం నీడ కొలిచి నిష్పత్తి కట్టడం. గుడి గోపురానికి, నీళ్ల ట్యాంకుకు అది బాగా పనిచేస్తుంది. మాస్ట్‌కు మోసం చేస్తుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల వంద మీటర్ల అవతలి వస్తువు నీడ అంచు దాదాపు మీటరు మేర మసకబారుతుంది. మాస్ట్ వెడల్పే మీటరు లోపు ఉంటే కొస నీడ ఆ మసకలో కరిగిపోతుంది. మీరు కొస అనుకుని గుర్తుపెట్టింది నిజానికి నడుము పైభాగమే. మొదటి ఏడాది నా పుస్తకంలో ఎత్తులన్నీ తక్కువగా రావడానికి కారణం ఇదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కోణమానిని వాడండి. దాని తిన్నని అంచుకు సన్నని గొట్టం, కూల్‌డ్రింక్ స్ట్రా అయినా చాలు, అతికించండి. మధ్య రంధ్రం నుంచి దారం కట్టి బోల్టు వేలాడదీయండి. గొట్టంలోంచి ఎదురుగా చూస్తే దారం 90 దగ్గర నిలుస్తుంది. స్తంభం కొసను చూస్తే దారం జరుగుతుంది. 90 నుంచి ఎంత జరిగిందో అదే కోణం. చూసేవారు ఒకరు, దారం చదివేవారు ఒకరు ఉంటే మేలు. మా ఇంట్లో చదివే బాధ్యత మా అమ్మాయిది, ఒక్కో స్తంభానికి ఒక్కో ఐస్‌క్రీమ్ ఒప్పందం మీద.

కోణం 45 వచ్చే చోట నిలబడితే స్తంభం ఎత్తు, మీకూ స్తంభానికీ మధ్య దూరం సమానం. దానికి మీ కంటి ఎత్తు, సుమారు మీటరున్నర, కలపాలి. కానీ మధ్యలో ప్రహరీ ఉంది, దూరం కొలవలేరు. ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. 45 డిగ్రీల చోట ఒక రాయి పెట్టండి. స్తంభానికి తిన్నగా వెనక్కి నడుస్తూ పోయి, కోణం ఇరవై ఆరున్నర డిగ్రీలకు దిగగానే ఆగండి. రాయి నుంచి అక్కడికి ఎంత దూరం నడిచారో అదే ఎత్తు. గుణకారం లేదు, పట్టిక లేదు. ఇరవై ఆరున్నర డిగ్రీల దగ్గర దూరం ఎత్తుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది, 45 దగ్గర ఒకింత, తేడా మళ్లీ ఒకింతే కాబట్టి. నా అడుగు ముప్పావు మీటరు. ఒక ఊరి బయట పొలం గట్టు మీద 112 అడుగులు నడిచాను: 84 మీటర్లు, కంటి ఎత్తు కలిపితే ఎనభై అయిదున్నర.

నేల చదునుగా ఉంటేనే ఇది సరిపోతుంది. చూపులో అర డిగ్రీ తప్పినా వంద మీటర్ల స్తంభానికి నాలుగు మీటర్లకు పైగా తేడా వస్తుంది. కాబట్టి కనీసం మూడుసార్లు కొలిచి సగటు తీయండి. మొదటిసారి వచ్చిన అంకె నచ్చితే అనుమానించండి.

సరిచూసుకోవడానికి రంగు పట్టీలు ఉపయోగపడతాయి. విమానాల కోసం వేసే ఈ పట్టీలకు అంతర్జాతీయ పద్ధతి ఉంది: 210 మీటర్ల లోపు స్తంభానికి ఒక్కో పట్టీ ఎత్తులో ఏడో వంతు. పట్టీల సంఖ్య ఎప్పుడూ బేసి, పై కొసా అడుగూ రెండూ ముదురు రంగే. ఏడు పట్టీలు ఉంటే అన్నింటికంటే కింది పట్టీని పక్కనున్న గదితోనో మనిషితోనో పోల్చి అంచనా కట్టి, ఏడుతో హెచ్చవేయండి. రంగులు వేసినవారు అందరూ పుస్తకం చూసి వేయరన్నది కూడా గుర్తుంచుకోండి.

మీడియం వేవ్ మాస్ట్ అయితే మూడో పరీక్ష కూడా ఉంది. మూడు లక్షలను కిలోహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. పాత వాల్వు రేడియోల ముఖం మీద కిలోహెర్ట్జ్ పక్కనే ముద్రించి ఉండే అంకెలు ఇవే. 738కి సుమారు 406 మీటర్లు, 900కి 333. మాస్ట్ ఎత్తు తరచుగా ఇందులో నాలుగో వంతుకో సగానికో దగ్గరగా ఉంటుంది. వార్సా మాస్ట్ అంత ఎత్తు ఎందుకయిందో ఇప్పుడు తెలుస్తుంది. అది లాంగ్ వేవ్ స్టేషన్, ఫ్రీక్వెన్సీ 227 కిలోహెర్ట్జ్, తరంగం పొడవు 1,320 మీటర్ల పైమాట. అందులో దాదాపు సగమే ఆ 646 మీటర్లు. అంత ఎత్తు వాళ్లకు డాబు కోసం కాదు, ఫ్రీక్వెన్సీ అడిగింది.

పైనుంచి చూపు

ఇంటికి వచ్చాక ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు తెరవండి. మాస్ట్ స్వయంగా కనిపించదు, నీడ కనిపిస్తుంది. పొలంలో మూడు దిక్కులకు, 120 డిగ్రీల ఎడంతో చిన్న కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తే అవి గై తీగల లంగర్లు. మాస్ట్ తీసేసినా దిమ్మెలు మిగులుతాయి. అలా పోయినవాటిని కూడా వెతకవచ్చు.

పుస్తకంలో రాయవలసినవి

తేదీ, ఊరు, మీరు నిలబడిన చోటు, రకం, కాళ్లు ఎన్ని, గై తీగల అంతస్తులు ఎన్ని, పట్టీలు ఎన్ని, కొస మీద ఏముంది, రేడియోలో ఏం వినిపించింది, కొలిచిన ఎత్తు మూడుసార్లూ. సగటు మాత్రమే రాసుకుని మిగతావి చెరిపేయవద్దు. స్థానికులు దాన్ని ఏమంటారో కూడా రాయండి. హైదరాబాద్ మూసారాంబాగ్ వైపు చిరునామాల్లోనే 'టీవీ టవర్' ఉంటుంది, రామంతాపూర్‌లో 'టీవీ స్టూడియో' ఉంటుంది. ఇనుము పోయినా పేరు కొన్నాళ్లు నిలుస్తుంది.

చివరిగా, రాత్రి ఒకసారి

పగలు చూసిన స్తంభాన్ని చీకటి పడ్డాక దూరం నుంచి మళ్లీ చూడండి. ఎర్ర దీపాలు ఎన్ని ఎత్తుల్లో ఉన్నాయి, ఏవి నిలకడగా వెలుగుతున్నాయి, ఏవి ఆరి వెలుగుతున్నాయి, నిమిషానికి ఎన్నిసార్లు? బొమ్మ పక్కనే చుక్కలు పెట్టుకోండి. నెల తర్వాత వెళ్లినప్పుడు కొస దీపం వెలగకపోతే మీకు వెంటనే తెలుస్తుంది. రాత్రి విమానాలకు అది ప్రమాదం కాబట్టి ఆ కేంద్రానికి ఫోను చేసి చెప్పండి.

నేను ఒకసారి చేశాను. ఎత్తినాయన అంతా విని, "మీరెవరండీ?" అన్నారు. రోజూ అటువైపు చూసేవాడినన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, పైనుంచి ఎన్నో దీపం ఆరిందని అడిగారు. పుస్తకం తెరిచి చూసి చెప్పాను. నాలుగో రోజు రాత్రి అది వెలిగింది.